ముసురులో ఆరని దుప్పటి

పసిదాన్ని అద్దాల పెట్టెలో పెట్టారని ఫోను వచ్చిన పొద్దున, మా కోడలు బీరువాలు తెరిచి ఇంట్లో ఉన్న పక్కబట్టలన్నీ కుప్ప పోసింది. నా మనుమరాలికి నెలలు నిండకముందే కాన్పయింది. ఆడపిల్ల. అరచేతికి కాస్త ఎక్కువ ఉందట. కరీంనగర్ దవాఖానలో నర్సమ్మ చెప్పి పంపింది ఒకటే: కొత్తవి తేవద్దు, పాత నూలుగుడ్డలు తెండి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి, చెమ్మ లేకుండా ఆరినవి.

వినడానికి ఎంత చిన్న కోరిక. చొప్పదండిలో మాది పైన కింద గదులున్న ఇల్లు. ఆ ఇల్లంతా వెతికితే అలాంటి గుడ్డ దొరకలేదు.

దొరికినవి దుబాయి రగ్గులు. పులి బొమ్మది, గులాబీలది, జంట నెమళ్లది. నా కొడుకు అక్కడ పని చేసినన్నాళ్లు వచ్చిన ప్రతిసారీ ఒకటి మోసుకొచ్చాడు. ఇప్పుడు మనుమరాలి పెనిమిటి మస్కట్ నుంచి తెస్తున్నాడు. వాటి కింద మెరిసే దుప్పట్లు, పట్టుకుంటే జారిపోయేవి, చెంబెడు నీళ్లు పోసినా ఒక్క చుక్క తాగనివి.

"నూలుయి ఒక్కటన్న లేకపాయె అత్తమ్మా. అన్ని ఎటు పోయినయ్?" అంది కోడలు.

"ఎటు పోతయ్? వంటింట్ల అటుక మీదున్నయ్ చూడు. స్టీలు గిన్నెలైనయ్," అన్నాను.

పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె వాకిట్లోకి వస్తే మా కోడలికి ఆగదు. నూలు చీరలు, మా ఆయన ధోవతులు, పలచబడ్డ దుప్పట్లు అన్నీ అలాగే పోయాయి. అద్దంలా మెరిసే కొత్త దుప్పట్లను మాత్రం ఆ గిన్నెలామె తిప్పి చూసి, వద్దని వెనక్కి ఇచ్చేది. అప్పుడు కూడా నేను చెప్పాను. ముసలిదాని పిసినారితనం అనుకున్నారు.

నా మాటకు కోడలు మూలకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిడ్డ దవాఖానలో, బిడ్డకు పుట్టిన బిడ్డ పెట్టెలో. ఆ పూట ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నాకు నోరు అలాగే అలవాటైంది.

"ఏడ్వకు. నా మంచం మీదిది తియ్యి," అన్నాను.

ఇంటిల్లిపాదీ నవ్వే దుప్పటి అది. మగ్గం మీద నేసిన సన్న నూలుది. నేనెప్పుడూ దాన్ని మిషన్లో వేయనివ్వలేదు. కుంకుడు పులుసులో నానబెట్టి, చేత్తో పిసికి, మెలిపెట్టకుండా నీళ్లు కార్చి, నీడలో ఆరేసేదాన్ని. నడుమ పలచబడినప్పుడు నిలువునా కోసి, గట్టిగా ఉన్న అంచులను నడిమికి తెచ్చి కుట్టుకున్నాను. దాని రంగు ఇప్పుడు పాల మీది మీగడ లాంటిది.

"మరి నువ్వు దేని మీద పండుకుంటవ్ అత్తమ్మా?"

"పులి మీద పండుకుంట తీ. నన్నేం తింటది?"

పళ్లతో అంచు కొరికి చింపాను. పాత నూలుగుడ్డ చింపితే పెద్ద చప్పుడు రాదు. దారం వెంట మెల్లగా విడిపోతుంది. కొత్త గుడ్డ అలా కాదు, అరుస్తుంది. ఆ అరుపు నేను చిన్నప్పుడు ఒకసారి విన్నాను.

ముక్కలను ఉతికి చేతిలో పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. బయట ముసురు పట్టి ఉంది. వాన పెద్దగా కొట్టదు, ఆగదు. తీగ మీద నీటి బొట్లు వరుసగా వేలాడుతున్నాయి. చేతిలో తడి గుడ్డలు, మీద ఆ ఆకాశం. అరుగు మీద కూలబడ్డాను. ఇంత వయసు వచ్చాక కూడా నా ప్రాణానికి మళ్లీ అదే పరీక్షా అనిపించింది.

*

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, పుట్టినిల్లు గోదావరి అవతల, ఆదిలాబాద్ వైపు. నల్లరేగడి నేల, కంటికానినంత దూరం పత్తి. ఆ ఊరు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. నేను బడికి పోయింది కొన్నాళ్లే కనుక ఆ ఊరి చరిత్ర అదీ చెప్పలేను. ఆ ఊరి దుప్పట్లు మాత్రం నాకు తెలుసు.

అవ్వ కాన్పుకు పోతూ నన్ను వెంట తీసుకుపోయింది. బాపు, అదే మా నాయన, రేవు దాకా వచ్చి మమ్మల్ని పడవ ఎక్కించాడు. "కాన్పు కాంగనే కబురు పంపుండ్రి, ఎట్లన్న చేసి వస్త," అని నీళ్లలో మోకాళ్ల దాకా దిగి మరీ చెప్పాడు.

నాకు ఈ కటువుతనం ఎక్కడినుంచి వచ్చిందని మా కోడలు అడుగుతూ ఉంటుంది. అమ్మమ్మ నుంచి. ఆమె ఇంట్లో నవ్వడానికి కూడా వేళ చూసుకోవాలి. చేనులో పత్తిని తానే వడికి, ఊళ్లో సాలాయనకు ఇచ్చి నేయించేది. మోటువి పాలేర్లకు, సన్నవి పెద్దలకు, చుట్టాలకు. కాళ్లు కడుక్కోకుండా పక్క మీదికి ఎక్కితే మోకాలి మీద ఒక్కటి పడేది. తలకు నూనె రాసుకుంటే తల కింద వేరే గుడ్డ వేసుకోవాలి. పొద్దున లేచి దుప్పటి ఎండలోకి తీసుకుపోయి దులిపి, మడత పెట్టి, దండెం మీద వేయాలి. గంజి చీరకు పెట్టాలి కానీ పక్కబట్టకు పెట్టకూడదు. పక్క గరుకైతే నిద్ర తెగుతుందని ఆమె లెక్క.

ఒకసారి నేను ఉట్టి మీది బెల్లం గడ్డ దొంగిలించి దుప్పటి కింద దూరి నాకుతూ నిద్రపోయాను. తెల్లవారేసరికి చీమలు. అమ్మమ్మ కొట్టలేదు. దుప్పటి నా నెత్తిన పెట్టి, "తిన్న నోరు నీదే, ఉతికే చెయ్యి నీదే," అంది. నూతి దగ్గర ఆ తడి దుప్పటిని ఎత్తలేక నేను దానితో పాటు కింద పడితే, తాత అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. అమ్మమ్మ చూసేసరికి దగ్గు నటించాడు.

మా ఇంటి బట్టలు ఉతికేది చాకలి చిన్నమ్మ. ఆమె ఇల్లు వాగు అవతల. ఎండాకాలం చివర, వానలు పడకముందు, ఇంటి పక్కబట్టలన్నీ మూటలు కట్టి ఆమెకు వేసేవాళ్లు. నేనూ వెంట పోయేదాన్ని. వాగు ఒడ్డున పెద్ద బానలు. వాటి మూతి మీద బట్టలు పేర్చి, చౌడు నీళ్లలో తడిపి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడకవేస్తారు. దాన్ని ఉబ్బ పెట్టడం అంటారు. ఆ ఆవిరి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. తడి మట్టి, బూడిద, ఉడికిన నూలు, అన్నీ కలిసిన వాసన. బాన కింద నిప్పుల్లో చిన్నమ్మ గెనుసుగడ్డలు కప్పిపెట్టేది. అవి మాడిన తొక్కతోనే తినేవాళ్లం. ఆమె కూతురూ నేనూ బొప్పాయి ఆకు కాడతో కుంకుడు నురగ ఊది బుడగలు చేసేవాళ్లం. ఇసుకలో ఆరేసిన దుప్పట్ల కింద దూరి డేరా ఆట ఆడేవాళ్లం. లోపల వెలుతురు పాలలాగా ఉండేది.

"బొగ్గు చేతులతోటి ముట్టిండ్రనుకో, మిమ్ముల గూడ బాన మీద పెట్టి ఉబ్బ పెడ్త," అనేది చిన్నమ్మ. ముట్టేవాళ్లమే. ఆమె పెట్టలేదు.

అవ్వ కడుపుతో ఉందని తెలిసినప్పటి నుంచే అమ్మమ్మ పురుటి గుడ్డలు దాచింది. పసిపిల్లకు కొత్త గుడ్డ కట్టకూడదు, ఒళ్లు ఒరుసుకుపోతుంది. అందుకని తాత పాత ధోవతులు, పలచబడ్డ సన్న దుప్పట్లు, మెత్తటి చీరలు ఒక మూట చేసి చిన్నమ్మకు వేసింది. ఆమె వాటిని ఉడకవేసి, ఎండబెట్టి, తెల్లగా మడతపెట్టి తెచ్చింది. అమ్మమ్మ ఒక్కొక్కటీ విప్పి చెంపకు ఆనించుకుంది. తర్వాత వాసన చూసింది.

"ఇంక చౌడు వాసన కొడ్తుంది. పసిపిల్ల తోలు మండుతది. ఇంకో ఉబ్బ పెట్టు పిల్లా."

"పెద్దమ్మా, నీ ముక్కుకో దండం. ఇంక ఉడకపెడ్తె గుడ్డలు మిగలయ్, గట్కయితయ్. పిల్లకు కడ్తవా, తాగిపిస్తవా?"

"నువ్వు గట్క చేసి తీస్కరా, నేను చూస్కుంట. కాన్పుకు ఇంక దినాలున్నయ్ గద."

చిన్నమ్మ నవ్వుకుంటూ మూట మళ్లీ నెత్తికి ఎత్తుకుని వాగు దాటింది. ఆ రోజు వాగులో నీళ్లు ఆమె కాలి కడియాల దాకా కూడా లేవు.

*

మిరుగం కార్తె పోయాక ఆకాశం ముసుగు వేసుకుంది. మొదట్లో నాకు సంబరమే. అమ్మమ్మ సర్వపిండి చేసింది. తాత మక్కకంకులు కాల్చి గింజలు ఒలిచి పెట్టాడు. పొయ్యి చుట్టూ చేరి పెద్దవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటే వింటూ కూర్చోవడం. ముసురు వదలలేదు. గోడలు చెమర్చాయి. ఉప్పు నీరు కారింది. దండెం మీది బట్టలు తీసి చూస్తే వేసినప్పటికంటే తడిగా ఉండేవి. వాగు పొంగింది. గోదావరి కూడా నిండుగా పోతోందని, పడవలు కట్టేశారని చెప్పుకున్నారు.

అప్పుడు వచ్చాయి అవ్వకు నొప్పులు. రావలసిన రోజులు కావు అవి.

మగపిల్లవాడు. పిల్లికూన కంటే చిన్నగా ఉన్నాడు. ఏడుపు కూడా ఏడుపులా లేదు, తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు ఉంది. మంత్రసాని వాణ్ని అరచేతుల్లో పట్టుకుని అమ్మమ్మ ముఖం చూసింది.

"ఏడో నెల పిల్లడు. పత్తిల పెట్టుండ్రి. మెత్తటి గుడ్డ సుట్టుండ్రి. తడి తగలనీయకుండ్రి. గిట్ల పుట్టి బతికినోళ్లు ఉన్నరు."

ఉన్నరు అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లంతా కదిలింది. తాతా నేనూ అటక మీది పత్తి దించి గింజలు తీశాం. నా వేలి గోళ్ల సందులు నెత్తురు కారేదాకా తీశాను. పత్తి పొడిగానే ఉంది. పత్తి పైన చుట్టడానికి గుడ్డ కావాలి, ఆ గుడ్డ తడిసినప్పుడల్లా మార్చాలి. ఇంటి మెత్తటి గుడ్డలన్నీ వాగు అవతల, చిన్నమ్మ దగ్గర ఉన్నాయి.

అవ్వ పాత చీర చింపారు. తాత తలకు చుట్టుకునే రుమాల చింపారు. ఒక్కొక్కటీ తడిసి దండెం ఎక్కింది, ఎక్కింది ఎక్కినట్టే వేలాడింది. ఇల్లంతా ముక్కిన వాసన, వాము పొగ, బాలింత కాయం ఘాటు. తాత కుంపటి మీద గంప బోర్లించి దాని మీద గుడ్డలు పరిచాడు. కట్టెలు కూడా తడివే. నిప్పు కంటే పొగ ఎక్కువ. పొగ పట్టిన గుడ్డ చుడితే వాడు తుమ్మేవాడు. ఆ తుమ్ముకు కూడా వాడి ఒంట్లో బలం చాలేది కాదు, ఒళ్లంతా వణికేది.

వాగు చూసి వద్దామని అమ్మమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని బయలుదేరింది. నన్ను వద్దనలేదు. నీళ్లు ఎర్రగా, చెట్ల మొదళ్లు ఎత్తుకుపోతూ ఉన్నాయి. అవతలి ఒడ్డున చాకలి చిన్నమ్మ నిలబడి ఉంది. ఆమెకు కాన్పు కబురు ఎలా చేరిందో తెలియదు, ఒడ్డు నుంచి ఒడ్డుకు కేకలు చేరి ఉంటాయి. మూటను తాటాకులో చుట్టి నెత్తిన పెట్టుకుంది. మమ్మల్ని చూసి దాన్ని రెండు చేతులతో పైకెత్తింది.

"ఆరినయ్ పెద్దమ్మా, మంచిగ ఆరినయ్. ఇంట్ల పొయ్యి మీద దండెం కట్టి ఆరబెట్టిన," అని అరిచింది. నీళ్ల హోరులో ముక్కలు ముక్కలుగా వినిపించింది.

ఆమె పెనిమిటి నడుముకు తాడు కట్టుకుని నీళ్లలోకి దిగాడు. నడుము దాకా పోయేసరికి కాళ్లు తేలిపోయాయి. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు పట్టి లాగారు. లేచి నిలబడి మళ్లీ దిగబోయాడు.

"దిగకు. ఓ పిల్లా, ఆయన్ని దిగనియ్యకు. పిల్లలు గల్లోడు," అని అమ్మమ్మ గొంతు చించుకుంది.

అక్కడ మూట, ఇక్కడ మేము. రాయి విసిరితే పోయే దూరం, మూట విసిరితే నీళ్ల పాలయ్యే దూరం. చిన్నమ్మ మూటను దించలేదు. మేము తిరిగి వస్తుంటే వెనక్కి చూశాను, ఇంకా పైకెత్తే ఉంది.

దారిలో అమ్మమ్మ ఒక్కటే అంది. "నేనే తిప్పి పంపితి." నాతో అనలేదు. ఎవరితోనూ అనలేదు. ఆ తర్వాత నేను ఆమె నోట ఆ మాట మళ్లీ వినలేదు.

ఇంటికి రాగానే తన సందుగ తెరిచింది. అడుగున, వేపాకుల మధ్య, ఒక సన్న దుప్పటి ఉండేది. ఇంట్లో అందరికీ తెలుసు అది ఎందుకో. తాను పోయిన రోజు తన మీద కప్పాలని తానే వడికి నేయించుకుంది. చచ్చినాడు కూడా ఎవరి గుడ్డ కోసం చెయ్యి చాపకూడదని ఆమె పట్టుదల. అంత సన్నటి నేత నేను మళ్లీ చూడలేదు. ఉంగరంలోంచి లాగవచ్చు అనేవాడు తాత.

అవ్వ మంచం మీంచి చూసి భయపడింది.

"అవ్వా, గా దుప్పటి వద్దు. అది దేనికని పెట్టుకున్నవో దాన్ని పసిపిల్లగాని మీద ఎయ్యకు. నీ కాళ్లు మొక్కుత."

"గుడ్డకేం ఎరుక బిడ్డా, కింద ఎవలున్నరో?" అంది అమ్మమ్మ.

చింపింది. కొత్త గుడ్డ అరిచిన అరుపు అదే. ఇల్లంతా వినిపించింది. అవ్వ చెవులు మూసుకుంది.

కానీ అది కొత్తది. నేతలో పెట్టిన గంజి ఇంకా దాన్లోనే ఉంది, అట్టలా నిలబడింది. నీటిని తాగదు, ఒంటికి ఒదగదు. మొదటి ముక్క తడిపి, పిండి, కుంపటి మీద ఆరీ ఆరకముందే చుడితే వాడి తొడల మీద ఎర్రటి గీతలు లేచాయి. దాంతో అమ్మమ్మ పని మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఉతికితే వచ్చే మెత్తదనాన్ని ఆ కాసిని రోజుల్లో తేవాలి. కొత్తదాన్ని పాతదాన్ని చేయాలి.

వేడినీళ్లలో నానబెట్టి గంజి వదిలించింది. బూడిద తేటలో ఉడకబెట్టింది. ఉతుకుడు బండ మీద కొడితే సన్న నూలు తెగుతుందని, పెద్ద తొట్టిలో వేసి నన్ను తొక్కమంది. వేడికి నా కాళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత బూడిద కాటు పోవడానికి కుంకుడు పులుసు. తర్వాత మంచినీళ్లు, మళ్లీ మంచినీళ్లు. జాడించిన నీళ్లు కాస్త నాలుక మీద వేసుకుని చూసేది. జారుడుగా తగిలితే పారబోసి ఇంకోసారి. మెలిపెట్టనిచ్చేది కాదు. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి నీళ్లు తీసేది. సగం ఆరిన ముక్కను పట్టుకుని, చేతులతో నలుపుతూ, పొయ్యి ముందు కూర్చునేది.

పురుటి బట్టలు చాకలి ముట్టాలి కానీ ఇంటివాళ్లు ముట్టకూడదు. పక్కింటి ముసలమ్మ గోడ మీంచి తొంగి చూసి నోరు నొక్కుకుంది.

"ఏందే, నువ్వే ఉతుకుతున్నవా? రేపు దేవునర్రల దీపమెట్ల ముట్టిస్తవ్?"

"గీ దీపం ఆరకుంట చూస్కోనీ, గా దీపం సంగతి తర్వాత," అంది అమ్మమ్మ తల ఎత్తకుండా.

ముసలమ్మ తల లోపలికి పోయింది. కాసేపటికి తన ఇంట్లో ఎండిన పిడకలు గంపెడు తెచ్చి గోడ మీద పెట్టి పోయింది.

నాకిచ్చిన పని చెంపది. అమ్మమ్మ చేతులు కాయలు కాసి ఉండేవి, చెమ్మ తెలిసేది కాదు. "చేతికి తెల్వది బిడ్డా, చెంపకు తెలుస్తది. కండ్లు మూస్కొని చూడు," అనేది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. ఏమీ తగలకపోతే ఆరినట్టు. నేను రోజంతా కళ్లు మూసుకుని ముక్కలు చెంపకు ఆనించుకుంటూ తిరిగాను. ఎప్పుడూ చల్లగానే తగిలేది. తాత తొందర పట్టలేక కుంపట్లో పిడకలు ఎక్కువ వేశాడు, ఒక ముక్క అంచు పసుపుపచ్చగా మాడింది. తప్పు చేసిన పిల్లవాడిలా ఆ ముక్క పట్టుకుని నిలబడ్డాడు. అమ్మమ్మ తిట్టలేదు. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

మెత్తబడుతూ వచ్చింది దుప్పటి. ప్రతి ఉతుకుకూ కాస్త వంగింది, కాస్త నీటిని తాగింది. వాడు కూడా ప్రతి పూటకూ కాస్త తగ్గుతూ వచ్చాడు. పాలలో ముంచిన పత్తి పెదవులకు పెడితే చప్పరించేవాడు, తర్వాత పెదవులు మాత్రమే కదిలేవి.

ఒక పొద్దున లేచేసరికి గోడ మీద వెలుతురు. ఎండ. పెరట్లో కోళ్లు రెక్కలు విప్పి కూర్చున్నాయి. అమ్మమ్మ ముక్కలన్నీ తెచ్చి పత్తికట్టె మోపుల మీద పరిచింది. "ఈడనే కూసో. కాకి ముట్టకుండ, దూడ రాకుండ చూడు. ఆరంగనే తీస్కరా," అంది.

కూర్చున్నాను. కట్టెల్లోంచి, నేలలోంచి, బర్రెల వీపుల మీంచి ఆవిరి లేచింది. గుడ్డలు ముందు వేలాడాయి, తర్వాత తేలిక పడ్డాయి, తర్వాత గాలికి వాటంతట అవే లేచాయి. నేను చెంపకు ఆనించాను. చల్లగా లేదు. ఏమీ తగల్లేదు. నా చెంపకూ దానికీ తేడా తెలియనంత మెత్తగా ఉంది. అన్నీ పోగుచేసి రొమ్ముకు అదిమిపట్టుకుని పరుగెత్తాను. వెచ్చగా, ఎండ వాసనతో ఉన్నాయి.

లోపల ఎవరూ నా చేతుల్లోంచి వాటిని తీసుకోలేదు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఒడిలోకి చూస్తోంది. తాత గడప మీద కూర్చుని బయటికి చూస్తున్నాడు. నేను చేతులు చాపి నిలబడే ఉన్నాను. "ఆరినయ్," అన్నాను. మళ్లీ అన్నాను.

చివరికి అమ్మమ్మ లేచి వచ్చి ఒక ముక్క తీసుకుంది. చెంపకు ఆనించుకుంది. "అవు, ఆరినయ్," అంది. ఆ వెచ్చటి గుడ్డలోనే వాణ్ని చుట్టింది. ఒకటి కాదు, అన్నీ చుట్టింది.

*

వాగు తగ్గగానే చాకలి చిన్నమ్మ వచ్చింది. అప్పటికి అంతా తెలుసు ఆమెకు. మూటను అరుగు మీద పెట్టి, పక్కన కూర్చుంది. పురుడు వెళ్లాక పురుటి బట్టలు చాకలికి ఇవ్వడం మర్యాద. అమ్మమ్మ ఆ మూటనే ఆమె వైపు జరిపింది.

"నేను తీస్కోను పెద్దమ్మా. పిల్లగాడు ఒక్కనాడన్న కట్టలే. కట్టనియి పురుటి బట్టలెట్లయితయ్?"

ఎంత చెప్పినా ముట్టుకోలేదు. మూట తెల్లగా, మెత్తగా, ఏ వాసనా లేకుండా అరుగు మీదే ఉండిపోయింది. ఆ రెండో ఉబ్బ బాగా కుదిరింది.

గోదావరి తగ్గాక బాపు వచ్చాడు. వాడికి ఇంకా పేరు పెట్టలేదు కనుక బాపుకు ఏ పేరుతో అడగాలో తెలియలేదు. "ఎట్లుండే?" అని మాత్రం అడిగాడు. చుట్టకుండా మిగిలింది, అంచు మాడిందని అమ్మమ్మ పక్కన పెట్టేసిన ఆ ఒక్క ముక్క. తాత దాన్ని తెచ్చి బాపు ఒడిలో పెట్టాడు. బాపు దాన్ని మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. దీపాల వేళ దాకా అదే పని.

ఆ మూట తర్వాత మా చెల్లెలికి పనికొచ్చింది. ఎండాకాలంలో పుట్టింది అది, ఉతికింది ఉతికినట్టే ఆరేది. అమ్మమ్మ మళ్లీ తన కోసం దుప్పటి నేయించుకోలేదు. ఆమె పోయినప్పుడు ఎవరో దుకాణానికి పరుగెత్తి మిల్లు గుడ్డ తెచ్చి కప్పారు. ఏడుస్తూ ఆమె మీద వాలినప్పుడు అది నా చెంపకు తగిలింది. గరుకుగా ఉంది.

*

ఇప్పుడు ముసురైనా ఫికర్ లేదంటారు. ఫ్యాను ఉంది, ఇస్త్రీపెట్టె ఉంది.

"మిషన్ల ఏస్తె పిండి ఇస్తది అత్తమ్మా, జల్ది ఆరుతయ్," అంది కోడలు.

"పాత నూలు. మిషన్ల పీచు పీచైతది," అన్నాను. నిజంగానే అవుతుంది. అయినా నా మాటలో ఇంతకు ముందున్న పెడసరం లేదు. అది గమనించిందేమో, కోడలు పక్కన కూర్చుని, నేను చూపించినట్టు రెండు అరచేతుల మధ్య ముక్కలు పెట్టి నొక్కింది. ఫ్యాను కింద తాడు కట్టాం. కొంతసేపయ్యాక ఇస్త్రీ చేశాం. ఆవిరి లేచింది. చౌడు వాసన లేదు, బూడిద లేదు, ఉత్త తడి నూలు వాసన. మధ్యాహ్నానికి వాన కాస్త తెరిపి ఇచ్చి, వాకిట్లో పలచటి ఎండ పడింది. మిగిలిన చెమ్మ పోతుందని ముక్కలు తీగ మీద వేశాను.

నా కొడుకు బండి బయటికి తీసి నిలబడ్డాడు. దవాఖానకు పోవాలి.

"ఆరినయా అవ్వా?"

కళ్లు మూసుకుని చెంపకు ఆనించాను. ఏమీ తగల్లేదు. ఆరాయి.

"ఇంక లేదు. జర ఆగు," అన్నాను.

వాడు బండి ఆపాడు. ఆకాశం వైపు చూశాడు, నా వైపు చూశాడు. కోడలు వచ్చి ఒక ముక్క పట్టి చూసి, నాకేసి చూసి, పక్కన నిలబడింది. గుడ్డలు గాలికి లేస్తున్నాయి. అవి తీగ మీద ఉన్నంతసేపు అక్కడ పెట్టెలో పిల్ల కూడా ప్రాణంతో ఉంటుందని నాకు అనిపిస్తోంది. ఆరిన గుడ్డలు పట్టుకుని నేను ఒకసారి పరుగెత్తాను. మళ్లీ ఆ గడప దాటడం నా వల్ల కాదు. కానీ అక్కడ పెట్టెలో పసిది తడిసి ఉంటుంది. దవాఖానలో ఈ గుడ్డ కోసం చూస్తున్నారు. ఆకాశం మళ్లీ ముసురుకుంటోంది.

తీశాను. ఒక్కొక్కటీ మడత పెట్టి, కొడుకు అంగీ గుండీలు విప్పి, లోపల రొమ్ముకు ఆనేలా పెట్టి, మళ్లీ గుండీలు పెట్టాను. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు కూడా ఇలా పెట్టలేదు వాడికి.

"చల్లారకుంట తీస్కపో," అన్నాను.

బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. నా మంచం మీద కోడలు పులి బొమ్మ రగ్గు పరిచింది. దాని అంచున కూర్చున్నాను. ఫోను ముందు పెట్టుకున్నాను. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. చెంప తడిమి చూసుకున్నాను, దానికింకా ఆ గుడ్డ మెత్తదనం అలాగే ఉంది.